రోజుకు రెండాకులు

బోధన్, రాకాసిపేట
జులై 4

లిడియాకు,

సలాం. క్షేమంగా చేరాను. ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావని తెలుసు. ఈ ఇంట్లో ఏ మూల నిలబడి మాట్లాడినా మా అన్న ఉస్మాన్ భాయిజాన్ మంచం దాకా వినిపిస్తుంది. ముప్పై మూడేళ్లు తరగతి గదిలో తెలుగు పాఠం చెప్పిన గొంతు నాది, దానికి గుసగుసలు రావు. పైగా నా డబ్బా ఫోన్‌లో ఒక్క 'క్ష' కొట్టాలంటే పూట గడుస్తుంది. అందుకని పోస్టాఫీసుకు వెళ్లి ఇరవై కవర్లు కొనుక్కొచ్చాను.

భాయిజాన్‌కు పక్షవాతం వచ్చి ఐదు నెలలు. కుడిపక్క కొద్దికొద్దిగా కదులుతోంది. రోజూ నడిపించమని డాక్టరు చెప్పాడు. ఈయన మంచం దిగితే కదా! "బెల్లం వ్యాపారం చేసినోన్ని, పోరగాన్ని నడిపిచ్చినట్టు నడిపిస్తరా?" అని గోడవైపు తిరుగుతాడు. ఆయన కొడుకు సైఫ్ పొద్దంతా దుకాణంలో ఉంటాడు. కోడలు మహీన్‌కు ఇద్దరు చిన్నపిల్లలు. కాబట్టి రెండు నెలలు నేనిక్కడే.

ఇక అసలు సంగతి, నా మొక్క బేగం. ఇక్కడ పెరట్లో రెండు మేకలున్నాయి, నా జేడ్ మొక్క వాటికి ఒక పూట ఫలహారం. అందుకే నీ వరండాలో వదిలి వచ్చాను. పదకొండేళ్లుగా పెంచుకున్నాను, నా ఇంట్లో నాతోపాటు ప్రాణమున్నది అదొక్కటే. ఆ లావాటి ఆకుల్లో ఒక్కటి రాలినా నాకు రాయి.

వాజిదా


నిజామాబాద్, ఖలీల్‌వాడి
జులై 19

వాజిదక్కకు,

వందనాలు. నర్సు ఉద్యోగంలో కేసు షీట్లు తప్ప నేను వేరే ఏమీ రాయలేదు. కనుక అలాగే రాస్తాను, ఏమీ అనుకోకు.

రోగి పేరు బేగం. వయసు పదకొండు. పరిస్థితి నిలకడగా ఉంది. గాలి, వెలుతురు బాగానే అందుతున్నాయి. మా ఆయన శాంతి కుమార్ పొద్దున్నే "గుడ్ మార్నింగ్ బేగం" అంటున్నాడు. మా పెళ్లయిన ముప్పై ఏళ్లలో నాతో ఒక్కసారీ ఆ మాట అనలేదు. అత్తమ్మ జ్ఞానమ్మ దాని పక్కనే కుర్చీ వేసుకుని బైబిలు చదువుకుంటోంది.

పక్క వాటాలో నీ తాళం అలాగే ఉంది. గోడకవతల నుంచి నీ దగ్గు వినిపించక సాయంత్రాలు మరీ నిశ్శబ్ధంగా ఉన్నాయి.

నువ్వు చెప్పమన్నావు కనుక చెబుతున్నాను, ఒక ఆకు రాలింది. ముసలి ఆకు. బెంగ పడకు.

లిడియా

తా.క. కవరు అతికించే ముందు వరండాలోకి వెళ్లి చూశాను. ఇంకో ఆరు.


బోధన్
జులై 27

లిడియాకు,

నిశ్శబ్దంలో 'ధ' కాదు, 'ద'. ఎర్రసిరాతో దిద్ది పెట్టుకున్నాను.

ఒక ఆకు రాలిందని ఉత్తరంలో రాసి, ఆరు ఆకులు తాజా కలంలో రాస్తారా? నువ్వు ఆసుపత్రిలో కూడా బంధువులకు ఇలాగే చెప్పేదానివా?

భాయిజాన్‌కు మందులు తేవడానికి నేను వెళ్లే రుద్రూరు రోడ్డులో ఒక నర్సరీ ఉంది. ఆగి అడిగాను. ఇస్రార్ అట ఆయన పేరు. ఒకప్పుడు చక్కెర ఫ్యాక్టరీ బంగ్లాల తోటలు చూసేవాడట. గడ్డమంతా తెల్లగా, మోచేతుల దాకా మట్టితో ఉన్నాడు. తలెత్తకుండానే అడిగాడు, "ఇంట్ల ఎంతమంది?"

"ముగ్గురు."

"ముగ్గురు మూడు దిక్కుల నీళ్లు పోస్తుండ్రు. మొక్కకు రోగం లేదమ్మా, మునుగుతున్నది గంతే."

"నా స్నేహితురాలు నర్సు. అంత తెలివితక్కువది కాదు" అన్నాను.

"నర్సులే ఎక్కువ పోస్తరు. గ్లూకోజు ఎక్కిచ్చే అలవాటు."

ఎంత పొగరో చూడు! అయినా ఒకసారి అడుగు, ఎవరెవరు పోస్తున్నారో.

వాజిదా


ఖలీల్‌వాడి
ఆగస్టు 6

వాజిదక్కకు,

ఆ ఇస్రార్ ఎవరో గానీ ఆయన నోట్లో చక్కెర పొయ్యి. నిన్న అన్నాలు తినేటప్పుడు అందరినీ విచారించాను.

శాంతి కుమార్ వెంటనే ఒప్పుకున్నాడు. "పొద్దుగాల ఒక చెంబు పోస్తున్న. నువ్వు మర్సిపోతవని."

నేను పొద్దున, సాయంత్రం పోస్తున్నాను. ఆయన మర్చిపోతాడని.

అత్తమ్మ మాత్రం మజ్జిగన్నం కలుపుతూ కూర్చుంది. గట్టిగా అడిగితే చెప్పింది, గోలీలు వేసుకున్నాక గ్లాసులో మిగిలిన నీళ్లూ, చాయ్ వడగట్టిన పిప్పీ అందులోకే వెళ్తున్నాయట.

"చాయ్ ఆకు గులాబీకి మంచిదంటరు గద!"

"ఇది గులాబీ కాదు అత్తమ్మా."

"గది నాకెట్ల ఎరుకైతది? పూస్తే ఎరుకైతది. పూస్తలేదనే ఏస్తున్న."

అంటే రోజుకు ఐదు పూటలు. పైన వానజల్లు వేరే. కాండం అడుగున నొక్కితే పండిన అరటిపండులా ఉంది. ఆకులు పసుపుపచ్చగా ఉబ్బి, గాలి తగిలితే చాలు టపటపా రాలుతున్నాయి. ఇప్పటికి నలభై ఒకటి. అక్కా, నాకు భయంగా ఉంది. మనుషులు పోవడం చాలా చూశాను. మా ఇంటికి అప్పజెప్పిన ప్రాణం పోవడం చూడలేను.

ఆయన్ని అడిగి తొందరగా రాయి.

లిడియా


బోధన్
ఆగస్టు 10

లిడియాకు,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్లాను. ఇస్రార్ సాహెబ్ చదివి, చాయ్ పిప్పి దగ్గర చాలాసేపు నవ్వాడు. తర్వాత ఒక పాత జేడ్ మొక్కను నా కళ్లముందే పీకి చూపించాడు. అచ్చం ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

కుండీలోంచి మొత్తం తీసెయ్యి. మెత్తబడిన వేళ్లు, నల్లబడిన కాండం కత్తిరించు. కత్తెరను స్పిరిటుతో తుడువు, అది నీకు చెప్పనక్కర్లేదు. పేపరు మీద నీడలో ఐదు రోజులు పడుకోబెట్టు, కోసినచోట పొరకట్టాలి. తర్వాత సగం మట్టి, సగం దొడ్డు ఇసుక. కుండీకి అడుగున రంధ్రం ఉందో లేదో చూడు. నాటాక వారం దాకా చుక్క నీళ్లు వద్దు. ఆ తర్వాత కూడా వేలు రెండు కణుపుల దాకా గుచ్చి, పొడిగా ఉంటేనే పొయ్యాలి. "దాని ఆకులల్ల దాని నీళ్లు అదే దాసుకుంటది. అడగనోళ్లకు పెట్టుడు కూడా జులుమే అమ్మా" అన్నాడు ఇస్రార్ సాహెబ్.

భాయిజాన్ నిన్న మంచం దిగి, గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. నేను సంతోషంతో అరిచేసరికి సిగ్గుపడి మళ్లీ పడుకున్నాడు. ఇస్రార్ సాహెబ్‌కు చెబితే, "చప్పట్లు కొట్టకండ్రి, సూడనట్టు ఉండుండ్రి" అన్నాడు. ఆయన భార్య చివరి రెండేళ్లు మంచంలోనే ఉందట. తొమ్మిదేళ్లయింది ఆమె పోయి.

వాజిదా


ఖలీల్‌వాడి
ఆగస్టు 29

వాజిదక్కకు,

ఆపరేషన్ జరిగింది. అత్తమ్మ ప్రార్థన చేసింది, శాంతి కుమార్ కుండీ పట్టుకున్నాడు, నేను కోశాను. ఐదు రోజులు 'ఈనాడు' ఆదివారం పేజీ మీద పడుకుంది. తర్వాత నాటాను. ఇంట్లో అందరి చేతా నీళ్లు ముట్టనని ఒట్టు పెట్టించుకున్నాను.

అయినా ఆకులు రాలుతున్నాయి అక్కా. రోజుకు రెండు. ఇంకేం చెయ్యాలో ఆయన్ని అడుగు.

ఇంకొక మాట. నీ ఉత్తరం మళ్లీ చదివాను. జులైలో "ఇస్రార్ అట", "ఎంత పొగరో". ఆగస్టులో ఇస్రార్ సాహెబ్. మూడుసార్లు. నేను తప్పుల్లేకుండా రాయలేను గానీ లెక్కపెట్టగలను.

లిడియా


బోధన్
సెప్టెంబర్ 8

లిడియాకు,

వయసులో పెద్దవాళ్లను సాహెబ్ అనడం మర్యాద. నీకు మర్యాద ఎవరూ నేర్పకపోతే నేనేం చెయ్యను?

రోజుకు రెండు ఆకులంటే ఆశ్చర్యంగా ఉందన్నాడు. కుండీని తూర్పుకు మార్చి పొద్దుటి ఎండ తగలనివ్వమన్నాడు. రెండు రోజులకొకసారి కుండీని పావు వంతు తిప్పమన్నాడు. వారానికోసారి వచ్చి ఎలా ఉందో చెప్పమన్నాడు. అందుకని శుక్రవారం శుక్రవారం వెళ్తున్నాను. మందుల దుకాణం దారే కదా.

ఆయన మాట్లాడే తీరు వింతగా ఉంటుంది. మొక్కలు కొనడానికొచ్చిన మరాఠీ ఆవిడతో మరాఠీలో బేరమాడి, నాతో తెలుగులో మాట్లాడి, మొక్కల్ని ఉర్దూలో తిడతాడు. నిన్న ఒక బంతినారుకు చెబుతున్నాడు, దానికి తల పొగరెక్కువైందని. నేను నవ్వితే, "టీచరమ్మ నవ్వుతదా! గీ బడిల నవ్వుడు బందనుకున్న" అన్నాడు.

వచ్చే ఆదివారం మహీన్ అమ్మ వస్తోంది. ఒక్క పూట బస్సెక్కి వచ్చి బేగంను నా కళ్లతో చూసి పోతాను.

వాజిదా


ఖలీల్‌వాడి
సెప్టెంబర్ 12

వాజిదక్కకు,

రావద్దు!

అంటే, రావద్దని కాదు. వస్తే నాకంటే సంతోషించేవాళ్లెవరు? కానీ నా మోకాలు వాచింది, నీకు వండిపెట్టలేను. అత్తమ్మకు జలుబు, నువ్వు తీసుకెళ్లి ఉస్మాన్ అన్నకు అంటిస్తావు. శాంతి కుమార్ వరండాకు సున్నం వేయిస్తున్నాడు, బేగంను లోపలి గదిలో పెట్టాం, ఆ గదిలో వెలుతురు లేదు, నీకు సరిగా కనబడదు.

ఆకులు అలాగే. రోజుకు రెండు. ఆయన్నే అడుగు. తొందరపడకుండా, నిదానంగా కూర్చుని అడుగు.

లిడియా


బోధన్
అక్టోబర్ 3

లిడియాకు,

ఒక ఉత్తరంలో నాలుగు సాకులు రాశావు. పిల్లలు బడి ఎగ్గొట్టినప్పుడు కూడా ఒకటే చెబుతారు, మరీ గడుసువాళ్లు రెండు.

ఇస్రార్ సాహెబ్ రాలిన ఆకు ఒకటి కవరులో పెట్టి పంపమన్నాడు. చూడకుండా ఇక మందు చెప్పనన్నాడు. వెంటనే పంపు.

రెండు నెలలని వచ్చాను, మూడు దాటాయి. భాయిజాన్ ఇప్పుడు గదిలో నాలుగడుగులు వేస్తున్నాడు, ఎవరూ చూడనప్పుడు. మేమందరం చూడనట్టే ఉంటున్నాం.

వాజిదా


ఖలీల్‌వాడి
అక్టోబర్ 9

వాజిదక్కకు,

ఆకు పెట్టాను. పొద్దున రాలింది.

పెద్ద మాటలు రాయడానికి తీరిక లేదు.

లిడియా


బోధన్
నవంబర్ 4

లిడియాకు,

ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదో ఇప్పుడు చెబుతాను.

నువ్వు పంపిన ఆకు కవరు విప్పకుండానే ఇస్రార్ సాహెబ్ చేతికిచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, జేబులో పెట్టుకుని, "ఇంకొన్ని దినాలు పడతది" అన్నాడు. నేను నమ్మాను. తర్వాత రెండు శుక్రవారాలు అదే మాట.

మొన్న శుక్రవారం ఆయనే కుర్చీ వేసి కూర్చోమన్నాడు. ఆ ఆకును ఒక చిన్న కుండీలోంచి తీసి చూపించాడు. దానికి దారాల్లాంటి వేళ్లు వచ్చాయి.

"గిది రాలిన ఆకు కాదు టీచరమ్మా. రాలిన ఆకు పసుపుగుంటది, తొడిమె కాడ ఎండి మూసుకుంటది. దీన్ని పచ్చగున్నప్పుడే తుంచిండ్రు. మీ దోస్తు మొక్క ఎప్పుడో మంచిగైంది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

చేతులకున్న మట్టి చాలాసేపు దులుపుకున్నాడు. "చెప్తే మీరు రారు గద" అన్నాడు. తర్వాత ఇంకొక మాట అన్నాడు. తనతో నికా నాకు సమ్మతమేనా అని అడిగాడు. తొందరేమీ లేదు, కాదన్నా మొక్కలకు మందు చెప్పడం మానను అన్నాడు.

నేను జవాబు చెప్పకుండా లేచి వచ్చేశాను. ఆ తర్వాత రుద్రూరు రోడ్డు తొక్కలేదు. మందులు సైఫ్ తెస్తున్నాడు.

నాకు అరవై ఒకటి, లిడియా. ఇరవై రెండేళ్లుగా ఒంటరిని, పిల్లలు లేరు, నా బతుకు నాకు అలవాటైంది. భాయిజాన్ నా చేత్తో పెడితేనే అన్నం తింటున్నాడు. ఈ వయసులో ఆయన ముందు నిలబడి ఏమని చెప్పను? నేను నవ్వులపాలైతే అందులో నీ చెయ్యి కూడా ఉంది. ముప్పై మూడేళ్లు పిల్లల అబద్ధాలు పట్టుకున్నాను. నీది పట్టుకోలేకపోయాను, ఎందుకంటే నీ దగ్గర వెతకాలనే అనిపించలేదు.

ఇక ఆ మొక్క గురించి నాకు రాయవద్దు.

వాజిదా


ఖలీల్‌వాడి
నవంబర్ 8

అక్కకు,

నేను అబద్ధమాడాను. తప్పు ఒప్పుకుంటున్నాను. ఆపరేషన్ తర్వాత బేగం నుంచి ఒక్క ఆకు కూడా రాలలేదు. ఆగస్టు నెలాఖరుకే కొత్త చివుళ్లు వేసింది. ఆ మాట రాయాలనే కాగితం తీశాను. రాసేముందు నీ పాత ఉత్తరాలు వరుసగా పెట్టుకుని చదివాను. మొదటిదాంట్లో నీ ఇంట్లో నీతోపాటు ప్రాణమున్నది ఆ మొక్క ఒక్కటేనని రాశావు. అది చదివి ఒక పూట అన్నం తినలేదు, గోడ పక్కనే ఉన్నాను కదా అని. ఆగస్టు ఉత్తరంలో నువ్వు పరుగులాంటి నడక నడిచావు. నిన్ను నేను పదిహేనేళ్లుగా ఎరుగుదును, నువ్వు బస్సు వెళ్లిపోతున్నా పరుగెత్తవు.

మొక్క బాగైందని రాస్తే నువ్వు ఆ దారిన వెళ్లడం మానేస్తావు. అందుకని "రోజుకు రెండు" అని రాశాను. ఎక్కువ రాస్తే ఏడుస్తావు, తక్కువ రాస్తే వెళ్లవు. వరండాకు సున్నమూ లేదు, అత్తమ్మకు జలుబూ లేదు. ఆకు తుంచిన రోజు మాత్రం బేగంకు క్షమాపణ చెప్పి తుంచాను.

ఇంకొక దొంగతనం కూడా చెబుతాను. నీ వాటా ఖాళీగా ఉంది కదా, ఇస్తారా అని సెప్టెంబరులో ఎవరో వచ్చి అడిగారు. ఇల్లుగలాయన రాజేశ్వర్ సార్ నన్ను కనుక్కోమన్నాడు. నిన్ను అడగకుండానే "టీచరమ్మ వచ్చేస్తుంది, ఇవ్వొద్దు" అని చెప్పాను. ఒక చేత్తో నిన్ను ఆ నర్సరీకి తోస్తున్నాను, ఇంకో చేత్తో నీ తాళం పట్టుకుని కూర్చున్నాను. నువ్వు అక్కడే ఉండిపోతే నా సాయంత్రాలు ఏమవుతాయో నేను ఆలోచించలేదనుకోకు. రోజూ ఆలోచించాను.

నవ్వేవాళ్లు నవ్వుతారు. నేను ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు చూశాను, ఎవరి మంచం పక్కనా ఆ నవ్వేవాళ్లు కూర్చోరు. నీకు ఇష్టం లేకపోతే సరే, ఆయనతో ఆ మాట చెప్పు, మనిషిని ఎదురుచూడనివ్వకు. ఇష్టముంటే ఉస్మాన్ అన్నకు నువ్వే చెప్పు. ఆయనకు చచ్చుబడింది కుడిపక్క, మనసు కాదు.

కోపం పోకపోయినా ఉత్తరం రాయి. తప్పులు దిద్దడానికైనా రాయి.

లిడియా


బోధన్
డిసెంబర్ 1

లిడియాకు,

తప్పులు రెండున్నాయి. దిద్దలేదు, వదిలేశాను.

నీ ఉత్తరం చదివిన రోజే ఇస్రార్ సాహెబ్ అడిగిన సంగతీ, నాకు ఇష్టమేననీ భాయిజాన్‌కు చెప్పాను. ఆయన విన్నాడు, గోడవైపు తిరిగాడు. ఎనిమిది రోజులు నా చేత్తో అన్నం తినలేదు. ఎడమచేత్తో తనే తిన్నాడు, సగం పక్కమీదే పడేది. మహీన్ పెడతానంటే "మీ అత్తకు షాదీ తొందరున్నది, పోయి మేందీ నూరు" అన్నాడు. నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఇక ఈ మాట ఎత్తకూడదనుకున్నాను. తొమ్మిదో రోజు పొద్దున్నే పిలిచి, "ఆయన్ను రమ్మను. నేను సూడాలె" అన్నాడు.

కబురు పంపితే ఇస్రార్ సాహెబ్ ఉతికిన షేర్వాణీ వేసుకుని వచ్చాడు. గోళ్లలో మట్టి మాత్రం అలాగే ఉంది. నేను తలుపు వెనక నిలబడ్డాను. సైఫ్ నాకంటే ముందే నిలబడి ఉన్నాడు.

భాయిజాన్ సలాం కూడా తీసుకోలేదు. "నా చెల్లెకు నోరెక్కువ, ఎరుకేనా?" అన్నాడు.

"ఎరుకే."

"తప్పు మాట్లాడితే పెళ్లి పందిట్ల కూడ దిద్దుతది."

"నన్ను ఇప్పటికే దిద్దుతున్నది."

"కూరల ఉప్పెక్కువేస్తది."

"అది కూడ ఎరుకే. మూడు నెలలు తిన్న గద."

భాయిజాన్ మెల్లగా తలుపువైపు తిరిగాడు. "వాజిదా! శుక్రవారం శుక్రవారం డబ్బా పట్టుకొని పోయింది గీయన కాడికేనా?"

అవును లిడియా. నేనూ నీకు ఒకటి రాయలేదు. ఆగస్టు నుంచి ఆయనకు శుక్రవారం మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకెళ్తున్నాను. నువ్వు ఆకులు దాచావు, నేను డబ్బా దాచాను. కనుక ఇక నీ మీద కోపం పెట్టుకునే అధికారం నాకు లేదు.

భాయిజాన్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. దగ్గు తగ్గాక కళ్లు తుడుచుకుని నాతో అన్నాడు, "నాకోసం ఆగిపోతవేమో అని కోపమొచ్చింది. పోతవేమో అని కూడ కోపమొచ్చింది. ఏ కోపం ముందు పడాల్నో తెల్వక తిండి బంద్ పెట్టిన."

ఇస్రార్ సాహెబ్ ఇల్లు నర్సరీ వెనకే, ఇక్కడికి మూడు గల్లీలు. రెండు పూటలా వచ్చి భాయిజాన్‌కు అన్నం పెట్టి వెళ్తానని ముందే చెప్పాను, ఆయన సరేనన్నాడు.

నికా క్రిస్మస్‌కు ముందు శుక్రవారం, జుమా నమాజు తర్వాత, ఈ ఇంట్లోనే. నువ్వు, శాంతి కుమార్, జ్ఞానమ్మవ్వ కారు మాట్లాడుకుని రావాలి. మోకాలు వాచిందని రాస్తే నమ్మను. బేగంను తేవద్దు. అది నీ వరండాకు అలవాటైంది, అక్కడే ఉండనీ. నా వాటా తాళం రాజేశ్వర్ సార్‌కు ఇచ్చెయ్యి. ఈ వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

వాజిదా


ఖలీల్‌వాడి
డిసెంబర్ 24

అక్కకు,

క్రిస్మస్ కేకు పొయ్యి మీద ఉంది, మాడకముందే రాస్తున్నాను.

మీ ఇంటి నుంచి వచ్చినప్పటి నుంచి అత్తమ్మ నీ నికా కథ చర్చిలో అందరికీ చెబుతోంది. "గా ముసలాయన కబూల్ అంటాంటె గొంతు వణికింది. మా లిడియా పెండ్లిల శాంతి కుమార్‌కు వణకలే" అంటోంది. శాంతి కుమార్ మొహం మాడ్చుకున్నాడు.

నువ్వు ఆ ఆకుపచ్చ చీరలో కూర్చుంటే నేను నిన్ను గుర్తుపట్టలేదని అన్నాను కదా, అది అబద్ధం. ఏడుపు వస్తుందని అలా అన్నాను. ఇక నీకు అబద్ధాలు రాయనని ఒట్టు పెట్టుకున్నాను కనుక దిద్దుతున్నాను.

తాళం ఇచ్చేశాను. నిరోష అని కొత్తగా పెళ్లయిన పిల్ల, భర్తతో దిగింది. మొదటిరోజే గోడమీదుగా తొంగిచూసి, "ఆంటీ, ఈ చెట్టేంది, ప్లాస్టిక్‌దా?" అంది. నేను చాలాసేపు పాఠం చెప్పాను. నీలాగే చెప్పానని శాంతి కుమార్ అన్నాడు.

లిడియా


బోధన్, రుద్రూరు రోడ్డు
జనవరి 17

లిడియాకు,

పై చిరునామా చూశావా? ఇక నుంచి ఇక్కడికే రాయి.

నేను బాగున్నాను. ఆయన పొద్దున్నే చాయ్ పెడతాడు, అందులో చక్కెర వెయ్యడు. చెరకు ఊళ్లో ఉంటూ ఇదేం చాయ్ అని రోజూ పోట్లాడుతున్నాను. ఆయన మొక్కల పేర్లు రాసిన పలకల్లో పదకొండు అక్షర దోషాలున్నాయి. ఏడు దిద్దాను, నాలుగు ఆయన దాచేశాడు.

నిన్న జరిగింది చెప్పడానికే ఈ ఉత్తరం. రోజూ ఒంటిగంటకు భాయిజాన్‌కు అన్నం తీసుకెళ్తాను కదా. నిన్న మామిడి అంట్లు దించడానికి లారీ వచ్చింది. లెక్క చూసుకుంటూ నేను టైము మర్చిపోయాను. రెండు దాటి ఉంటుంది. గేటు దడదడా కొట్టిన చప్పుడైంది.

చూస్తే భాయిజాన్. బనీను, లుంగీ, ఎడమచేతిలో మహీన్ పూల గొడుగు మడిచి నేలకు ఆనించి ఉంది. చెమటతో తడిసిపోయాడు. గేటులోంచే మొదలుపెట్టాడు.

"ఏందే వాజిదా! షాదీ అయితె అన్నకు అన్నం పెట్టొద్దని ఎవలన్న రాసిచ్చిండ్రా? గా మహీన్ పప్పు పెడ్తది, దాంట్ల ఉప్పే ఉండది. నీ కూరలతోని నా నోరు పాడుచేసి, ఇప్పుడు గీడ చెట్ల నడుమ కూసుంటవా? ఏమయ్యా ఇస్రార్, టైం సూసుకునే గడియారం లేదా నీ ఇంట్ల?"

నేను కూడా ఊరుకోలేదు. "లారీ వచ్చింది భాయిజాన్, గంట ఆలస్యమైతే గింత లొల్లా?" అన్నాను. ఆయన ఇంకో రెండు అన్నాడు. నేనూ రెండు అన్నాను. అలా పోట్లాడుతూనే, సైఫ్ బండి ఎక్కడ ఆపాడా అని ఆయన వెనక్కి చూశాను. బండి లేదు. సైఫ్ లేడు. రోడ్డంతా ఖాళీ.

"భాయిజాన్, ఎట్లొచ్చినవ్?"

"ఎట్లొస్తరు? నడుసుకుంట వచ్చిన."

అన్నాక ఆయనే ఆగాడు. మెల్లగా మెడ తిప్పి, తను వచ్చిన దారి చూసుకున్నాడు. మూడు గల్లీలు, ఒక మోరీ కాలువ, ఎక్కుడు రోడ్డు. పదకొండు నెలలుగా గుమ్మం దాటని మనిషి. ఇస్రార్ సాహెబ్ చేతిలోని నీళ్ల డబ్బా కిందపెట్టి మొహం అవతలికి తిప్పుకున్నాడు. లారీవాళ్లు కూడా పని ఆపి చూస్తున్నారు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

భాయిజాన్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ముందుగాల కుర్చీ ఎయ్యుండ్రి. కాళ్లు వణుకుతున్నయ్. ఏడ్సుడు నేను తిన్నంక ఏడ్వుండ్రి" అన్నాడు.

వాజిదా